మీసాల పెద్దాయన ఉకులేలే

ఆ వీధిలో అందరికీ ఆమె అక్కే. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా సిగ్గుపడకుండా అక్కా అనే పిలుస్తారు. సొంత తమ్ముడు మాత్రం ఒక్కడే. ముందు గదిలో కొట్టు నడిపేది వాడు. వెనక గదిలో, తెర అవతల, చెక్క కోసి, ఆవిరి పట్టి వంచి, బంక పెట్టి గిటార్లు చేసేది ఆమె. గిటార్లతోపాటు వాటి చిట్టి చెల్లెళ్ళలాంటి నాలుగు తీగల ఉకులేలేలు కూడా. "నువ్వు చేత్తో చెయ్యక్కా, నేను నోటితో అమ్ముతా" అన్నది తమ్ముడి ఒప్పందం. చేతులకి కాయలు కాస్తాయి గానీ నోటికి కాయవు కదా, ఆ ఒప్పందంలో సుఖం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఆమె కోరిక ఒక్కటే. తను చేసిన వాద్యం మీద ఏదో ఓ మూల తన పేరుండాలి. అడిగినప్పుడల్లా వాడు "చూద్దాంలే అక్కా, ముందు కొట్టుకి కాస్త పేరు రానీ" అనేవాడు. చేసిన ఉకులేలేలు చేసినట్టే మాయమయ్యేవి. ఎవరు కొన్నార్రా అంటే "పై ఊరి కొట్టుకి పంపాను, అక్కడ ఎగబడి కొంటున్నారు" అనేవాడు. పోనీలే, ఎక్కడో ఒకచోట మోగుతున్నాయి కదా అనుకుని మళ్ళీ ఉలి పట్టేది, పిచ్చి తల్లి!

ఆ ఉదయం తమ్ముడు తీగలు తేవడానికి బజారుకి వెళ్ళాడు. అంతలో, పిల్లలకి పాటలు నేర్పే టీచరమ్మ ఒకావిడ వచ్చి, కొట్టులో ఎవరూ కనబడక తెర తీసుకుని లోపలికే వచ్చేసింది. గుడ్డలో చుట్టిన ఉకులేలేని నిద్రపోతున్న పసిబిడ్డని దించినట్టు బల్లమీద దించింది.

"తీగలు కట్టే చెక్క ఓ పక్క లేచి, మూడు తీగలు ఊడిపోయాయండీ. కాస్త జాగ్రత్తగా చూడండి, చాలా పాతది. మీ తమ్ముడుగారే ఇచ్చారు. మోగిస్తే తేనె అనుకోండి! చెయ్యంటే ఆ కాలం వాళ్ళదండీ. ఇప్పటివాళ్ళు చేసేవి వాద్యాలా? అట్టపెట్టెలు!"

అక్క మనసు చివుక్కుమంది. ఇప్పటివాళ్ళలో తనూ ఒకతే కదా మరి. అయినా ఇంటికొచ్చిన మనిషితో వాదనెందుకని ఉకులేలే చేతిలోకి తీసుకుంది.

చూడ్డానికి పాతదే. రంగు మాగి ఉంది, ఒళ్ళంతా గీతలు. కానీ అవేం గీతలు! వాయించే వేళ్ళు రాసుకునే చోట పాలిష్ నున్నగా ఉంది. ఎవరి చెయ్యీ పోని మూలల్లో మాత్రం తాళాలగుత్తితో గీకినట్టుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే టీ వాసన. బుగ్గకి ఆనించి వేలితో తట్టగానే ఆమె చెయ్యి ఆగిపోయింది. ఆ మోత ఆమెకి తెలుసు. గబగబా పళ్ళ డాక్టర్లు వాడేలాంటి చిన్న అద్దం తీసి, దీపం పట్టుకుని లోపలికి చూసింది. లోపలి పట్టీల మీద రంపం కోతలన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. ఆమెది ఎడమచేతివాటం. మొన్న వానల్లో, చెక్క ఉబ్బి చంపుకు తింటుంటే, తిట్టుకుంటూ తిట్టుకుంటూ కోసిన కోతలవి.

"ఇది ఎవరు చేశారని చెప్పాడమ్మా మావాడు?" అంది, అద్దం దించి.

"అదేంటండీ, మీకు తెలీదా? ముందు గదిలో ఫొటో ఉందిగా, ఆ మీసాల పెద్దాయన. పోయి చాలా ఏళ్ళయిందటగా. మహానుభావుడు!"

ఆ ఫొటో తమ్ముడు పాత సామాన్ల కొట్లో కొనుక్కొచ్చింది. గోడ బోసిగా ఉందక్కా, ఏదో ఒకటి ఉండనీ అన్నాడు. ఆయనెవరో, ఏ ఇంటివాడో, బతికుండగా గిటారు ముట్టాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. అంటే, తన చేతులకి మీసాలు పెట్టి, చంపి, గోడకి తగిలించాడన్నమాట, తోడబుట్టినవాడు! అక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

సరిగ్గా అప్పుడే తమ్ముడు ఈలవేసుకుంటూ లోపలికొచ్చాడు. టీచరమ్మని చూడగానే ఈల ఆగిపోయింది.

"ఒరేయ్, దీనికి టీ పట్టించింది నువ్వేనా?"

"అక్కా, ముందు గదిలోకి రా, మాట్లాడుకుందాం..."

"ఇక్కడే మాట్లాడు. ఈవిడ ముందే మాట్లాడు." అక్క టీచరమ్మ వైపు తిరిగింది. "మీసాలాయనా లేడు, తేనెపట్టూ లేదమ్మా. ఇది చేసింది నేను."

"మీరా?" టీచరమ్మ నవ్వేసింది. అక్క అద్దం, దీపం ఆమె చేతిలో పెట్టి లోపలి కోతలు చూపించింది. తర్వాత ఓ చెక్కపట్టీ తీసుకుని ఎడమచేత్తో నాలుగు కోతలు కోసి పక్కన పెట్టింది. టీచరమ్మ అటు చూసింది, ఇటు చూసింది. నవ్వు పోయింది.

"అదీ సంగతి," అంది చివరికి. "ఈమధ్య మోతలో ఏదో పచ్చిదనం వినిపిస్తూనే ఉంది నాకు."

ఇక పట్టలేకపోయింది అక్క. "పచ్చిదనమా? గుమ్మంలోకొచ్చినప్పుడు తేనె అన్నావు కదమ్మా! ఇంతలోనే పులిసిపోయిందా? చెక్క అదే, తీగలవే, నీ చెవులూ అవే. చేసినవాడు చచ్చాడనుకున్నంతసేపూ మహానుభావుడు. చేసిన మనిషి ఎదురుగా నిలబడేసరికి అట్టపెట్టె. మెచ్చుకోవాలంటే మనిషి చావాలా?"

టీచరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెడ్డ మనిషి కాదు పాపం. "నాకిదంటే ప్రాణమండీ. ఎంత పాతది వింటున్నారో చూడండర్రా అని పిల్లలకి రోజూ చెప్పుకుంటాను. ఇప్పుడేమని చెప్పను?" అంది. అక్క చెయ్యి పట్టుకుంది. "పోనీ, మీరే పొరపాటు పడ్డానని అనండి. ఇది పాతదేనని అనండి. నేనెవరికీ చెప్పను, ఇలాగే పట్టుకెళ్ళిపోతాను."

"అనక్కా!" తమ్ముడికి ప్రాణం లేచొచ్చింది. "ఒక్క మాటంటే నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

అక్క ఉకులేలే వైపు చూసింది. ఆ మాటంటే అది ఇల్లు చేరుతుంది. పొద్దస్తమానం పిల్లల పాటల మధ్య మోగుతుంది. అనకపోతే ఇక్కడ మేకుకి వేలాడుతూ దుమ్ము తింటుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వచ్చినందుకు తనమీద తనకే ఒళ్ళు మండింది.

"అనను. లేచిన చెక్క ఇప్పుడే అతికిస్తాను, ఊరికే. నేను చేసిందని తెలిసే పట్టుకెళ్ళు. లేదంటే వదిలెయ్."

టీచరమ్మ వంగి మిగిలిన ఒక తీగని మీటింది. మోత చిన్న గదంతా నిండి, నెమ్మదిగా సద్దుమణిగింది. ముగ్గురూ విన్నారు. దాన్లో పచ్చిదనం ఎక్కడుందో ఆ తీగకే తెలియాలి. ఆవిడ వేలు వెనక్కి తీసుకుని, చుట్టి తెచ్చిన గుడ్డ మడిచి సంచిలో పెట్టుకుంది. ఉకులేలే బల్లమీదే ఉండిపోయింది. ఆమె దగ్గర తీసుకున్న డబ్బు తమ్ముడు గుమ్మం దగ్గర గొణుక్కుంటూ తిరిగిచ్చాడు.

వాడు లోపలికొచ్చేసరికి అక్క బల్లమీది ఉలులూ, రంపాలూ, బంక గిన్నే అన్నీ తీసి కింద పెడుతోంది.

"ఇకమీదట కొనడానికొచ్చినవాళ్ళకి ముందు నన్ను చూపించు. తర్వాతే వాద్యం."

"నిన్ను చూస్తే కొనరక్కా," అన్నాడు వాడు, మెల్లగా.

నోరు తెరిస్తే అబద్ధమాడే మనిషి, ఆ ఒక్క మాటా నిజం చెప్పాడు. అక్కకి అందుకే అంత కోపం వచ్చింది. చెమర్చిన కళ్ళు తుడుచుకోలేదు. వంగి బల్లని ఒకవైపు పట్టుకుంది.

"ఆ కొస పట్టు."

"ఎక్కడికి?"

"ముందు గదిలోకి. వీధిలోంచి కనబడేచోటికి. పట్టరా!"