ఆగనక్కర్లేని ఊళ్ళు

మా అక్క ఎర్సీలియా చేసిన పొరపాటు ఒక్కటే. ప్రయాణం సంగతి ఆదివారం భోజనాల దగ్గర చెప్పింది. బేరం కుదరకముందే సరుకు సంగతి నలుగురిలో అనకూడదని నాకు తెలుసు, వ్యాపారం చేసేవాణ్ణి కాబట్టి. ఆమె బట్టలు కుట్టుకునే మనిషి, పైగా ఆ రోజు సంతోషంగా ఉంది. పాస్తా పళ్ళేలు తీసి మాంసం వడ్డిస్తూ, "జూన్‌లో నేనూ దొనాతో కారులో ఓ వారం తిరిగొస్తాం. సలెర్నో నుంచి కిందికి, సముద్రం పక్కనే, సాప్రి దాకా. మధ్యలో కొండమీది పల్లెలు కూడా చూస్తాం" అంది.

దొనాతో ఆమె పక్క కుర్చీలో ఉన్నాడు. పోతెంజా వైపు కొండల మనిషి. రైలు నడిపి రిటైరయ్యాడు. అతని భార్య పోయి చాలాకాలమైంది, మా బావ వీతో పోయి ఆరేళ్ళు. సెప్టెంబరులో పెళ్ళి చేసుకుందామని అతను అడిగాడు. అక్క ఇంకా మాటివ్వలేదు.

మా మేనత్త ఎర్మెలిందా బల్ల కొసన కూర్చుని ఉంది. ఎనభై దాటినా ఆమె చెవులకేమీ కాలేదు.

"సాప్రి దాకానా? అయితే అచ్చరోలిలో రోసెత్తా ఇంట్లో దిగండి" అంది.

"హోటల్ చూసుకున్నాం అత్తా" అంది అక్క.

"హోటలా? సొంత మనుషులుండగా హోటల్లో దిగారని రోసెత్తాకి తెలిస్తే నా ముఖం చూస్తుందా? ఏమయ్యా దొనాతో, మీ కొండల్లో ఇలాగే చేస్తారా?"

"లేదత్తా. తప్పకుండా దిగుతాం" అన్నాడు దొనాతో.

"అగ్రోపొలిలో మధ్యాహ్నం భోజనం, మా మరిది కొడుకింట్లో. వాళ్ళావిడకి మోకాళ్ళు బాగాలేవు, చూసినట్టూ ఉంటుంది."

"అలాగే అత్తా" అన్నాడతను.

"పిషొత్తాలో అస్సుంతా ఉంది. రెండు రాత్రులు ఉండనిదే అది వదలదు."

"అంతకన్నా కావాల్సిందేముంది అత్తా."

బల్ల మీదికి పళ్ళు వచ్చేసరికి వారంలో ఒక్క రాత్రి కూడా మిగల్లేదు. ఎవరింట్లో ఎవరు ఏ గదిలో పడుకోవాలో కూడా అత్తే తేల్చింది. రోసెత్తా ఇంట్లో అక్కకి వంటింటి పక్క గది, దొనాతోకి రోసెత్తా కొడుకు గదిలో మడత మంచం. ఆ కొడుకు గురక వీధి చివరికి వినిపిస్తుంది. దొనాతో నారింజ వలుస్తూ దానికి కూడా తలూపాడు. అక్క అతని వైపు చూసి, లేచి వెళ్ళి కాఫీ పెట్టింది.

మర్నాడు ఆమె నా గిడ్డంగికి వచ్చింది. నేను ఉప్పుచేపలూ ఆలివ్ నూనే టోకున అమ్ముతాను. ఆ తీరం పొడుగునా, పైనున్న పల్లెల్లోనూ నా వ్యాను వెళ్ళని దుకాణం లేదు. అక్క ఒక పీపా మీద కూర్చుని రోడ్డు మ్యాపు మోకాళ్ళ మీద పరిచింది.

"నాకో దారి చెప్పరా. చుట్టాలు లేని దారి."

"అలాంటి దారి లేదక్కా. మన నానమ్మకి ఆరుగురు అక్కచెల్లెళ్ళు. ఒక్కొక్కరినీ ఒక్కో ఊళ్ళో ఇచ్చారు. దొనాతోతో ఉత్తరానికి వెళ్ళు, అక్కడ మనవాళ్ళెవరూ లేరు."

"పరాయి చోట ఏ మగాడైనా మర్యాదగానే ఉంటాడు. నేనిక్కడే చూడాలి."

"ఏం చూడాలి?"

ఆమె మ్యాపు మడతలు సరిచేసింది.

"వీతో మంచివాడు కాడా?" అంది.

"ఊరందరికీ మంచివాడే."

"అదే. ఎవరేమడిగినా సరేననేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో మేమిద్దరమే కూర్చుని తిన్న భోజనాలు వేళ్ళమీద లెక్కపెడతాను. ఎప్పుడూ ఎవరో ఒకరు బల్ల దగ్గర. నిన్న ఇతన్ని చూశావుగా? అన్ని స్టేషన్లలోనూ ఆగే రైలు. ఒక్క వారం ఇతను నాతో మాత్రమే ఉండగలడో లేడో చూస్తాను. లేకపోతే పెళ్ళీ లేదు, ఏమీ లేదు. ఇంకో వీతోకి వండిపెట్టే ఓపిక నాకు లేదు."

"కొనబోయే సరుకుని ముందు రుచి చూస్తానంటావు" అన్నాను. అందులో నాకు తప్పేమీ కనబడలేదు. చుట్టాలున్న ఊరి గుండా ఆగకుండా పోవడం మాత్రం మా వైపు కుదరదు. కారు నంబరు మొదటి కాఫీ బారులోనే పట్టేస్తారు, సాయంత్రానికి అత్తకి ఫోను వస్తుంది, ఆ తరువాత రెండేళ్ళపాటు ప్రతి చావులోనూ పెళ్ళిలోనూ దాన్ని తవ్వుతూ ఉంటారు.

నేను పెన్సిల్ తీసుకుని ఒక్కో ఊరూ చూసుకుంటూ వచ్చాను. కస్తెల్లబాతె దగ్గర ఆగాను.

"ఇక్కడ జెరార్దో వాళ్ళతో మనకి మాటల్లేవు కదా?"

"తాత శవపేటిక మీద వాళ్ళ పూలచక్రాన్ని మనదాని వెనక పెట్టామని వాళ్ళకి కోపం."

"అయితే వాళ్ళు పిలవరు. మీరు వెళ్ళనక్కర్లేదు. మిమ్మల్ని వీధిలో చూసినా ముఖం తిప్పుకుంటారు. అత్తకి ఫోన్ చేయరు. చేస్తే ముందు వాళ్ళే దిగొచ్చినట్టవుతుంది."

అక్క పీపా మీంచి లేచి వచ్చి మ్యాపు మీదికి వంగింది. "కమెరోతా!" అంది. "అక్కడి మనవాళ్ళు మొదటి మగపిల్లాడికి తాత పేరు పెట్టకుండా టీవీలో విన్న పేరు పెట్టుకున్నారు. అత్త ఇప్పటికీ వాళ్ళ పేరెత్తితే కిటికీ మూసేస్తుంది."

"రోదియో కూడా రాసుకో. నా నూనెలో పాత నూనె కలుపుతానని అక్కడి మనవాళ్ళు ఊరంతా చెప్పారు. వాళ్ళతో నాకు జన్మలో పొత్తు లేదు."

"నిజంగా కలుపుతావా?"

"నీకు దారి కావాలా, నూనె కావాలా?"

ఆమె నవ్వింది. ఆదివారం నుంచి అదే మొదటిసారి. గంటలో మా కుటుంబం తగాదాలన్నీ మ్యాపు మీదికి వచ్చాయి. అగ్రోపొలి, అచ్చరోలి తప్పించి, పైన పల్లెల మీదుగా తిరిగి, పడుకునేది మాత్రం మాతో పడనివాళ్ళ ఊళ్ళలోనే. ఇన్నేళ్ళుగా నష్టం కింద రాసుకున్నదంతా ఒక్కసారి లాభంగా కనబడింది. తగాదాలు ఇంకో రెండు ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను.

పిషొత్తా ఒక్కటే మింగుడు పడలేదు. అస్సుంతాతో మాకు మంచి స్నేహం. రెండో రోడ్డు చలికాలంలో కొండచరియ పడి మూతపడింది. ఉన్న ఒక్క రోడ్డూ ఆమె బాల్కనీ కిందనుంచే పోతుంది. చిన్న తగాదా ఏదైనా పెట్టుకోమన్నాను.

"వీతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాత్రుళ్ళు నా పక్కన కూర్చున్నది అస్సుంతా" అంది అక్క. "దానితో తగాదా పెట్టుకోను."

అప్పుడు నా వ్యానుకి తెలిసిన సంగతి ఒకటి చెప్పాను. అక్కడ మధ్యాహ్నం భోంచేశాక ఎండ తగ్గేదాకా ఊరు ఊరంతా కిటికీ తలుపులు మూసి పడుకుంటుంది. ఆ వేళ సరుకు దింపుదామంటే తలుపు తీసే దిక్కు ఉండదు. మూడు గంటలకి హారన్ కొట్టకుండా దాటితే సరి.

దొనాతోకి మ్యాపు నేనే ఇచ్చి అంతా వివరించాను, అక్క మనసులోని మాట ఒక్కటి తప్ప. అది నేను అమ్మాల్సిన సరుకు కాదు. అతను చాలాసేపు చూశాడు.

"మీ వాళ్ళతో తగాదాలున్న చోటల్లా మేం పడుకోవాలా?"

"హాయిగా పడుకోవచ్చు."

"నలభై ఏళ్ళు పట్టాల మీద తోలాను సబాటోగారూ. ఎక్కడ ఆగాలో వేరేవాళ్ళు చెప్పేవారు. ఇది బాగానే ఉంది. కానీ అత్తకి అలాగేనన్నాను కదా."

"అన్నారు."

అతను మ్యాపు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

బయలుదేరే రోజు ఉదయం అత్త ఇంటి కింద కారు ఆపారు. ఆమెకి చెప్పకుండా పోవడం ఎలాగూ కుదరదు. నేనూ వెళ్ళాను. అత్త అప్పటికే కిందికి దిగి ఉంది, చుట్టూ పొట్లాలతో. రోసెత్తాకి సాసేజీలు, అగ్రోపొలి వాళ్ళకి తను అల్లిన బల్లగుడ్డ, అస్సుంతాకి టమాటా సీసాలు. చేతికిచ్చిన పొట్లం చేర్చాల్సిందే. చేరిస్తే కూర్చోవాలి, కూర్చుంటే తినాలి, తింటే పడుకోవాలి. ఆమె మ్యాపు చూడలేదు, చూడాల్సిన అవసరం కూడా ఆమెకి లేదు.

"డిక్కీ తెరువయ్యా" అంది.

దొనాతో తెరిచాడు. ఒక్కో పొట్లాన్నీ జాగ్రత్తగా సర్దాడు, సీసాల మధ్య పాత పేపర్లు కూడా కుక్కాడు. అక్క రోడ్డు అవతల నిలబడి చూస్తోంది. అత్త ఆమె వైపు చెయ్యి ఊపి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కి పోయింది.

దొనాతో నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "గురువారం మీ వ్యాను అటు వెళ్తుందిగా? మలుపు తిరిగాక ఇవన్నీ మీ గిడ్డంగిలో దింపేస్తాను. మీరు అందించేయండి. అత్తకీ కోపం రాదు, దారీ చెడదు."

తెలివైన ఏర్పాటే. నేనైనా అదే చేసేవాణ్ణి. కానీ అక్క అప్పటికి రోడ్డు దాటి వచ్చింది, అంతా వింది.

"వీతో కూడా ఇలాగే చేసేవాడు" అంది. "అందరికీ సరేననేవాడు. తరువాత ఎవరో ఒకరు మోసేవారు. ఎక్కువసార్లు నేనే."

"ఆవిడ పెద్దావిడ, ఎర్సీలియా. ముఖం మీద కాదనమంటావా?"

"నేనేమీ అనమనడం లేదు. నీ ఇష్టం."

ఆమె కారెక్కలేదు. చేతిసంచీ భుజానికి తగిలించుకుని అలాగే నిలబడింది. ఇల్లు నాలుగు వీధుల అవతలే. నడిచి వెళ్ళిపోగలదు. అది దొనాతోకీ అర్థమైనట్టుంది. డిక్కీ తెరిచి, సాసేజీలూ బల్లగుడ్డా చంకలో పెట్టుకుని, సీసాల పెట్టె రెండు చేతులతో ఎత్తుకుని మెట్లెక్కాడు.

మేం కింద నిలబడ్డాం. ముందు అత్త గొంతు మామూలుగా వినిపించింది. తరువాత పెద్దదైంది. ఎదురింటావిడ దుప్పటి దులపడం ఆపి బాల్కనీలో వంగింది.

"దిగననా అన్నావు? నా చుట్టాల గడప తొక్కననా? నిన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి పెద్ద ముక్క నీకే వేశానురా, కొండమేకా! ఆ రోజు తలూపిన తల ఇదేనా, ఇంకోటా?"

దొనాతో ఏమన్నాడో వినబడలేదు. అతని గొంతు చిన్నది. కానీ ఆగకుండా మాట్లాడాడు. అత్త రెండుసార్లు "ఏంటీ?" అంది. తరువాత తలుపు వేసిన చప్పుడు.

అతను ఖాళీ చేతులతో దిగివచ్చాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఏమన్నావు?" అంది అక్క.

"ఈ వారం నీదని చెప్పాను. ఆదివారం భోజనాలకి ఇక రావద్దంది."

అక్క అతని చొక్కా భుజం మీద టమాటా పెట్టె అంటించిన దుమ్ము దులిపింది. కారు తలుపు తెరిచి, ఎక్కబోతూ నా వైపు తిరిగింది.

"మునిసిపాలిటీకి వెళ్ళినప్పుడు కనుక్కో. సెప్టెంబరులో పెళ్ళికి శనివారాలు ఏమైనా ఖాళీగా ఉన్నాయేమో."

"వారం చూసుకుని చెబుతానన్నావు."

"సరుకు రుచి చూశాను" అంది.

కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఎదురింటావిడ దుప్పటి లోపలికి తీసుకుపోయింది. పైన అత్త ఇంట్లో పళ్ళేలు గట్టిగా చప్పుడవుతున్నాయి. ఆమెతో మాట్లాడేవాళ్ళు మా ఇంట్లో ఒక్కరైనా మిగలాలి, పొట్లాలు ఎటూ చేరాలి. మెట్లెక్కి తలుపు తట్టాను.

"ఎవరు?" అంది.

"నేనే అత్తా. గురువారం నా వ్యాను అటు వెళ్తోంది."

తలుపు కాసేపటికి తెరుచుకుంది. "అయితే రోసెత్తా ఇంట్లో పడుకో" అంది.