నడకమ్మ నేర్చుకున్న మాటలు

“తత్తె” అంది నడకమ్మ, పెద్దావిడ నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని. పెద్దావిడ మోకాళ్ళు వణికాయి, కానీ నిలబడ్డాయి.

మంచాన పడినవాళ్ళను మళ్ళీ నడిపించడమే ఆ ఆసుపత్రిలో ఆమె పని. అందుకే అందరికీ నడకమ్మ అయింది. ఈ పెద్దావిడది జపాను. కొడుకును చూడ్డానికి వచ్చి పక్షవాతంతో పడిపోయింది. కాలూ చెయ్యీతో పాటు మాట కూడా పోయింది. సొంతంగా నాలుగడుగులు వేయగలిగితే విమానం ఎక్కి ఇంటికి వెళ్ళొచ్చన్నాడు డాక్టరు.

కోడలు ఇక్కడి పిల్లే. ఆ అమ్మాయి దగ్గర నడకమ్మ కొన్ని మాటలు పట్టుకుంది. లేవమంటే తత్తె. నడవమంటే అరుయితె. మెల్లిగా అంటే యుక్కురి. ఆగమనడానికి తొమత్తె అనాలి. మొదటిరోజు నోరు తిరగక “టమోటా, టమోటా” అంటే, పెద్దావిడ వంకరపోయిన మూతితోనే నవ్వింది. అప్పట్నుంచి వాళ్ళిద్దరికీ ఆగడమంటే టమోటాయే.

వరండాలో కిటికీకో ఎండమడుగు పడి ఉంది. ఇద్దరూ ఒక వెలుగులోంచి ఇంకో వెలుగులోకి, నీళ్ళలో నడిచినట్టు నడిచారు. ఎన్నడూ లేనిది చివరి కిటికీ దాకా వెళ్ళారు. నడకమ్మకు తన పాదాలే నేలకు ఆనుతున్నట్టు లేవు.

కుర్చీలో కూర్చోబెట్టాక కోడల్ని అడిగింది.

“ఏమ్మా, ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు వీళ్ళు ఏమంటారు?”

“ఇత్తె కిమాస్. ఇత్తె అంటే వెళ్ళి, కిమాస్ అంటే వస్తా.”

“వెళ్ళొస్తాననా? మనలాగేనా?”

“అచ్చం మనలాగే, అక్కా.”

చాలా ఏళ్ళ కిందట నడకమ్మ భర్త గుమ్మం దాటుతూ “పోతున్నా” అన్నాడు. పొయ్యి దగ్గర్నుంచి తల తిప్పకుండానే “ఊఁ” అంది. వస్తానన్న ముక్క అందులో లేదని సాయంత్రానికి గాని తట్టలేదు.

పని దిగాక సంచీ భుజాన వేసుకుని మంచం దగ్గరికి వచ్చింది.

“ఇత్తె కిమాస్, అమ్మగారూ.”

పెద్దావిడ పెదాలు చాలాసేపు వెతుక్కున్నాయి. “ఇత్తె... రషై.”

కోడలు చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “వెళ్ళి రమ్మంటోంది, అక్కా. మాట్లాడింది.”

ఆ సాయంత్రం ఏ వీధుల వెంట ఇల్లు చేరిందో నడకమ్మకు గుర్తులేదు.

పొద్దున వచ్చేసరికి మంచం మీద దుప్పటి లేదు. “తెల్లవారుజామున, నిద్రలోనే” అంది నర్సు. “బాధేం పడలేదు.”

నడకమ్మ వెళ్ళొస్తానంది, వచ్చింది. వచ్చానని చెప్పడానికి మనిషి లేదు. సామానంతా కొడుకు సర్దుకుపోయాడు. ఊడుద్దామని నడకమ్మ వంగితే, మంచం కింద పెద్దావిడ గుడ్డ చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, మొనలు గుమ్మం వైపు తిరిగి.