జన్నత్ బీ కోడి పొదిగిన సర్వర్

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి పొద్దున ఏడున్నర బస్సులో సాయిలతకు సీటు దొరకని రోజు లేదు. దొరికిన సీట్లో చివరిదాకా కూర్చున్న రోజూ లేదు. లింగంపేట దాకా ఎలాగో ఓర్చుకుంటుంది. ఆ తర్వాత కిటికీ పక్క నుంచి నడవ పక్కకు, మళ్ళీ కిటికీ పక్కకు మారుతుంది. తాడ్వాయి దాటిందంటే సంచీ భుజాన వేసుకుని తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడుతుంది. "మీరు నిలబడితే బస్సు జల్ది పోదు మేడం," అని కండక్టర్ రోజూ అంటాడు. ఆమె రోజూ నవ్వుతుంది, రోజూ నిలబడుతుంది.

పొయ్యి మీద అన్నం ఉడికేలోపు మూడుసార్లు మూత తీసి చూసే మనిషి. ఆరేళ్ళలో నాలుగు ఉద్యోగాలు మారింది. ఎక్కడ చేరినా మూడో నెలకల్లా రాజీనామా ఉత్తరం రాసి దాచుకుంటుంది. ఎక్కడికి వెళ్ళడానికో ఆమెకే తెలియదు, వెళ్ళాలని మాత్రం తెలుసు. తల్లి భూమక్క పొద్దంతా ఒళ్ళో చాట పెట్టుకుని కదలకుండా బీడీలు చుడుతుంది. "నేను గిట్ల కూసుంట, నువ్వు గట్ల తిరుగుతవు. నీ కాళ్ళకు చక్రాలున్నయా బిడ్డా?" అని తునికాకు కత్తిరిస్తూ అడుగుతుంది.

సాయిలత పనిచేసేది కామారెడ్డిలో ఒక ఆడపిల్లల డిగ్రీ కాలేజీ కంప్యూటర్ ల్యాబులో. ముప్పై పాత కంప్యూటర్లు. వేరే చోటైతే ఎప్పుడో తుక్కు కింద పోయేవి. ఇక్కడ వాటన్నిటిలో లినక్స్ నడుస్తుంది. దాన్ని ఎవరైనా ఊరికే తెచ్చుకోవచ్చు, లోపల ఎలా ఉందో విప్పి చూసుకోవచ్చు, ముసలి మెషీన్ల మీద కూడా విసుక్కోకుండా పనిచేస్తుంది. పిల్లలు ఏ సీట్లో కూర్చున్నా వాళ్ళ పనంతా మూలనున్న ఒకే ఒక్క సర్వర్లో చేరుతుంది. యాభై నలుగురు పిల్లల ఆఖరి ఏడాది ప్రాజెక్టులు ఆ డబ్బాలోనే ఉన్నాయి. సాయిలత తాజా రాజీనామా ఉత్తరం కూడా అందులోనే ఉంది, పరీక్షలైన మర్నాటి తేదీతో.

ఆ బుధవారం మధ్యాహ్నం ఆమె సర్వరుకు అప్‌డేట్ పెట్టింది. తెర మీద గీత చకచకా సాగి తొంభై ఆరు శాతం దగ్గర ఆగిపోయింది. సాయిలత చాయ్ తాగి వచ్చింది. తొంభై ఆరే. వరండాలో అటూ ఇటూ నడిచి వచ్చింది. తొంభై ఆరే. ఇలాంటప్పుడు ముట్టుకోకూడదని పిల్లలకు పాఠం చెప్పేది ఆమే. కానీ వేలు ఆమె మాట ఏనాడు విన్నది గనక? పవర్ బటన్ నొక్కేసింది.

మళ్ళీ వేస్తే నల్లటి తెర. లోపలి నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు తప్ప ఏమీ లేదు. పెన్‌డ్రైవ్‌తో లేపి చూసినా డిస్కు పలకలేదు. బ్యాకప్ ఉందిగా అనుకుంటే, అదీ ఆమె చేతి చలవే. వారం వారం సగం కాపీ కాగానే వైరు పీకేసేది. ఆ సగాల్లో ఒక్క ప్రాజెక్టూ పూర్తిగా లేదు. బయటి నుంచి పరీక్షకులు రావడానికి ఇరవై నాలుగు రోజులుంది. ఆ రోజు చూపించడానికి పని లేకపోతే యాభై నలుగురికీ ఏడాది పోతుంది.

సాయంత్రం మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్ పిల్ల నవత గుమ్మంలో నిలబడింది. వాళ్ళ ఊళ్ళో సోయాబీన్ రైతులు మరాఠీ మాట్లాడతారు, మార్కెట్లో ధరలు తెలుగులో చెప్తారు. ఆ ధరల్ని రెండు భాషల్లో చదివి వినిపించే ప్రోగ్రామ్ ఆమె ఐదు నెలలు కూర్చుని రాసుకుంది.

"కరెంట్ పోయిందా మేడం?"

"కరెంట్ పోలే. నేనే ఆపిన," అంది సాయిలత. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది గాని, ఆ పిల్ల మొహం చూస్తే చెప్పబుద్ధి కాలేదు.

నవత మూలనున్న సర్వర్ వైపు చూసింది. "నాది వస్తది కదా?" అని మాత్రం అడిగింది.

మర్నాడు సాయిలత ప్రిన్సిపాల్‌ని అడిగి సర్వర్‌ని దుప్పట్లో చుట్టి ఎల్లారెడ్డి బస్సెక్కించింది, జన్నత్ బీ కోడి దగ్గరికి.

జన్నత్ బీ వాళ్ళ పక్కింటి మనిషి. ఆమె కొడుకు కలీమ్‌కి బస్టాండ్ దగ్గర రిపేరు షాపుంది. రెండేళ్ళ కింద అతను పనికిరాదని పెరట్లో పడేసిన కంప్యూటర్ మీద ఇంట్లోని చుక్కల కోడి ఎక్కి కూర్చుంది. ఇరవై ఒకటో రోజు దిగింది. కంప్యూటర్ లేచింది. ఆ తర్వాత ఎరువుల దుకాణం వాళ్ళ మెషీన్ పొదిగింది, ఫొటో స్టూడియో వాళ్ళ హార్డ్ డిస్కు పొదిగి పదకొండు పెళ్ళిళ్ళ ఆల్బములు బయట పడేసింది. ఊళ్ళో దీని గురించి ఎవరూ నోరు వెళ్ళబెట్టరు. వరుసలో ఎవరిది ముందన్న దగ్గరే పేచీలు.

"నీ అదృష్టం, నిన్ననే ఖాళీ అయింది," అంది జన్నత్ బీ, గంపలో వరిగడ్డి సర్దుతూ. "ఇరవై ఒక్క రోజు. కదపొద్దు, ఎత్తి చూడొద్దు, కరెంట్ పెట్టొద్దు. ఓపికతోని సబర్ పట్టాలె బిడ్డా."

"పడత ఖాలా," అంది సాయిలత. అన్నప్పుడు నిజంగానే అనుకుంది.

మొదటి వారం కాలేజీకి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వెళ్ళి చూసింది. రెండో వారానికి అది పూటకు నాలుగుసార్లయింది. గంప పక్కన బోర్లా పడుకుని చెవి ఆనించేది. నవత రోజూ ఫోన్ చేసేది, "మేడం, ఏమన్నా తెలిసిందా?" అని. సాయిలత ఫోన్ చెవిన పెట్టుకుని వాకిలంతా తిరిగేది. అన్నం సయించేది కాదు. మంచం మీద పడుకున్నా పాదాలు ఆడుతూనే ఉండేవి.

పద్దెనిమిదో రోజు ఆదివారం. పొద్దున్నే ప్రిన్సిపాల్ ఫోన్ చేసి, "వస్తుందా రాదా, ఒక్క మాట చెప్పండి," అన్నాడు. జన్నత్ బీ రేషన్ షాపుకు పోయింది. సాయిలత గంప దగ్గర కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. ఆఖరికి రెండు చేతులా కోడిని ఎత్తి పక్కన పెట్టింది. డబ్బా వెచ్చగా ఉంది. వైరు తగిలించింది. ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది.

కోడి మళ్ళీ గంపలోకి పోలేదు. గోడ వారగా నడుస్తూ మట్టి గీకుతోంది. గంపలో పెడితే దూకేసింది. నూకలు చల్లితే తిని వెళ్ళిపోయింది. పొదుగు మీంచి లేపిన కోడి మళ్ళీ కూర్చోదని సాయిలతకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

జన్నత్ బీ బియ్యం సంచీతో వచ్చి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "సల్లారిపోతది, పట్టుకో," అంది అంతే. సాయిలత గోడకు ఆనుకుని నేల మీద కూలబడి, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కొంగు కప్పింది. యాభై నాలుగు పేర్లు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఏడుపు ఆగలేదు.

చుక్కల కోడి ఆమె చుట్టూ రెండుసార్లు తిరిగింది. తర్వాత ఆమె మోకాలి మీదికెక్కి, అక్కడి నుంచి డబ్బా మీదికెక్కి, రెక్కలు విప్పుకుని సర్దుకుని కూర్చుంది. ఒక రెక్క కింద డబ్బా, ఇంకో రెక్క కింద సాయిలత పొట్ట.

"ఇగ నువ్వు లేవొద్దు," అంది జన్నత్ బీ.

మూడు రోజులు. కోడి దిగి నూకలు తిని నీళ్ళు తాగే పావుగంట, రోజుకు రెండుసార్లు, సాయిలతకూ సెలవు. మిగతా వేళంతా ఆ గోడ, ఆ ఒడి. మొదటి రోజు కాళ్ళలో చీమలు పాకాయి, లేచి పారిపోవాలని అరవబోయింది. భూమక్క చాట తెచ్చుకుని పక్కనే కూర్చుంది. బీడీలు చుడుతూ మధ్యమధ్యలో కూతురికి ముద్దలు పెట్టింది. "పుట్టినకాంచి నిన్ను గింతసేపు ఒక్కతాన చూసుడు ఇదే మొదలు," అంది. రెండో రోజు సాయిలత ఆమె వేళ్ళనే చూస్తూ ఉండిపోయింది. అమ్మ చుట్టే బీడీ మొదలు నుంచి చివరిదాకా ఆమె ఎన్నడూ చూడలేదు. మూడో రోజు ఫోన్ మోగితే, "ఇంకా కాలే నవతా. కూసున్న," అని చెప్పింది.

ఇరవై ఒకటో రోజు పొద్దున కోడి తనంతట తానే లేచి, ఒళ్ళు దులుపుకుని, పెంటకుప్ప వైపు వెళ్ళిపోయింది. కలీమ్ మానిటర్ తెచ్చి వైర్లు కలిపాడు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరసగా దిగాయి. డిస్కు తన్ను తాను సరిచూసుకోవడం మొదలుపెట్టింది. నలభై శాతం. డెబ్బై. తొంభై ఆరు.

అక్కడ ఆగింది.

పావుగంట గడిచింది. "అటకాయించింది చెల్లే. ఒక్కసారి బంద్ చేసి ఎయ్యమంటవా?" అంటూ కలీమ్ బటన్ మీదికి చెయ్యి చాచాడు. సాయిలత అతని మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ అన్నా."

చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపల జన్నత్ బీ పప్పుకు ఎసరు పెట్టింది, అది ఉడికింది, పోపు పడింది. గంటా పది నిమిషాలకు తొంభై ఏడు వచ్చింది. ఆ తర్వాత నూరు.

యాభై నాలుగు పేర్లూ ఉన్నాయి. ముందు నవతది తెరిచింది. మరాఠీ వరుసలు, తెలుగు వరుసలు, ఒక్క అక్షరం చెదరలేదు. ఫోన్ చేసి "వచ్చింది" అనగానే అటువైపు ఆ పిల్ల "అగ బాయీ!" అని అరిచి, మరాఠీలో ఏదేదో అంటూ భోరుమంది.

తర్వాత తన ఫోల్డర్ చూసుకుంది సాయిలత. అన్నీ ఉన్నాయి. రాజీనామా ఉత్తరం పేరు కూడా ఉంది. తెరిస్తే లోపల ఏమీ లేదు. ఖాళీ.

"ఏమన్నా పోయిందా?" అంది జన్నత్ బీ.

"ఒక్కటి. నాదే."

"పెట్టిన గుడ్లన్ని పిల్లలైతయా బిడ్డా? ఒకటో రెండో మురుగుతయి," అని ఆమె అన్నం వార్చడానికి వెళ్ళింది.

నాలుగు వరుసల ఉత్తరం. మళ్ళీ రాయాలంటే ఐదు నిమిషాలు పట్టదు. సాయిలత కీబోర్డు మీద చేతులు పెట్టింది. కాసేపు చూసి, పేరుతో సహా చెరిపేసింది.

మర్నాడు ఏడున్నర బస్సు తాడ్వాయి దాటింది. కండక్టర్ అలవాటు కొద్దీ తలుపు దగ్గర చోటు వదిలి పక్కకు జరిగాడు. ఎవరూ రాలేదు. వెనక్కి చూస్తే సాయిలత సర్వర్ మూటను ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చునే ఉంది. దుప్పటికి ఒక చుక్కల ఈక అంటుకుని ఉంది.

"పాణం బాగలేదా మేడం?" అన్నాడు కండక్టర్.

"బాగనే ఉంది అన్నా," అంది సాయిలత. "కామారెడ్డి యాడికి పోతది? వస్తది."