గూట్లో తుపాకి మందు

మా ఊళ్ళో తుపాకి ఒక్కటే ఉండేది. అది మునస్వామిది. ఆ తుపాకి వల్ల అతనికి తుపాకి మునస్వామి అనే పేరు వచ్చింది, మా పాడి ఎనుముకు చెవిలో చిల్లు వచ్చింది. అడవిపంది అనుకుని కాల్చానన్నాడు. మా ఎనుము నల్లగా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. కానీ పట్టపగలు మెడలో గంట కట్టుకుని తిరిగే పందిని నేను ఎక్కడా చూడలేదు.

అవి యుద్ధం రోజులు. తుపాకుల లైసెన్సులు ఊరికే పొడిగించవద్దని పైనుంచి ఆర్డరు వచ్చింది. రెవెన్యూ ఇనస్పెక్టరు స్వయంగా ఊరికి వచ్చి, తుపాకి నిజంగా అవసరమేనా, మందు భద్రంగా పెట్టుకున్నారా అని చూస్తాడట. పక్కింటివాళ్ళను కూడా విచారిస్తాడట. ఆ పక్కింటివాణ్ణి నేనే. అందుకని ఆ వారమంతా మునస్వామి నన్ను ‘ఓబయ్యన్నా’ అని పిలిచాడు. అంతకుముందు ‘ఒరే ఓబిగా’ అనేవాడు.

నాకూ మనసు ఒకచోట నిలవలేదు. ఎనుమును చూస్తే ఆ తుపాకిని బావిలో పారేయించాలనిపించేది. చేను చూస్తే కొండ దిగివచ్చే పందులు గుర్తొచ్చి, ఊరికి ఇంకో తుపాకి ఉన్నా బాగుండేదనిపించేది. నా శెనక్కాయల చేను మునస్వామి చేను పక్కనే. అతను మంచె మీద కాపలా కూర్చుంటేనే నా కాయలు నాకు దక్కేవి.

మునస్వామికి మాత్రం ఏ అనుమానమూ లేదు. “నా సేను, నా తుపాకి. దాన్ని యాడ పెట్టుకోవాల్నో సెప్పేదానికి సర్కారెవురు?” అనేవాడు. సర్కారు దూరంగా ఉంది కాబట్టి సరిపోయింది. ఇంట్లో ఉన్న అతని పెళ్ళాం గంగులమ్మ అదే మాట అడిగినా అదే జవాబు చెప్పేవాడు.

ఆమె అడిగిందీ పెద్ద కోరికేమీ కాదు. తుపాకి మందు చెమ్మ తగిలితే పనికిరాదని మునస్వామి దాన్ని టెంకాయ చిప్పలో పోసి, పొయ్యి పక్కన గోడ గూట్లో పెట్టేవాడు. ఆ పక్కనే ఇంకో చిప్పలో ఇంటిల్లిపాదీ పళ్ళు తోముకునే పండ్లపొడి. ఊకబొగ్గు నూరి ఉప్పు కలిపిన పొడి అది. రెండూ నలుపే. అంచు విరిగిన చిప్పలోది మందు, అంచు బాగున్నదాంట్లోది పండ్లపొడి. వాళ్ళ మనవరాలు నాగులు అప్పుడప్పుడే గూడు అందుకుంటోంది.

“దాన్ని పెట్టెలో పెట్టి బీగమెయ్ అంటే ఇనవు గదా. పాప సెయ్యి పెడతాది” అనేది గంగులమ్మ.

“పెట్టెలో సెమ్మ పడతాది. పాపకు నువ్వు సెప్పుకో” అనేవాడు మునస్వామి. అక్కడితో ఆ విషయం ముగిసేది.

ఇనస్పెక్టరు గంగాధరం రేణిగుంటలో రైలు దిగి, ఎద్దులబండిలో తెల్లారేసరికి మా ఊరు చేరాడు. సన్నటి మనిషి. బండిలో ఎగిరెగిరి నడుము పట్టుకుపోయి, దిగుతూనే “ముందు మొహం కడుక్కోవాలి” అన్నాడు. మునస్వామి ఆ మాట కోసమే కాచుకున్నట్టు లోపలికి పరిగెత్తి, ఆకులో పండ్లపొడి తెచ్చి ఇచ్చాడు. ఇనస్పెక్టరు తీరిగ్గా తోముకుని, నోరు పుక్కిలించి, నాలుకతో పండ్లన్నీ తడుముకుని సంతోషించాడు.

“పొడి బాగుందయ్యా. మా ఇంట్లో పిల్లలకు ఇలాంటిది దొరకడం లేదు. పోయేటప్పుడు కొంచెం పొట్లం కట్టివ్వు” అన్నాడు.

తర్వాత విచారణ మొదలైంది. పందుల బాధ ఉందా అని అడిగితే ఉందన్నాం. అది అబద్ధం కాదు.

“మందు ఎక్కడ పెడతావు?”

“బీగం పెట్టెలో సామీ” అన్నాడు మునస్వామి.

గుమ్మంలో నిలబడ్డ గంగులమ్మ మొగుడి మొహం వంక చూసింది.

ఇనస్పెక్టరు నా వైపు తిరిగాడు. “నీకేమైనా అభ్యంతరం ఉందా?” ఎనుము చెవి గురించి నేను వారం రోజులుగా పెద్ద ప్రసంగం తయారుచేసుకున్నాను. తీరా నోరు తెరిచేసరికి శెనక్కాయలు కళ్ళముందు కనబడ్డాయి.

“మనిషి మంచోడే సామీ. గురి ఒగటే కుదరదు” అన్నాను.

“గురి సంగతి మాకు పనిలేదు” అని ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. లైసెన్సు పొడిగించవచ్చని రాస్తున్నానని పైకే చెప్పాడు. మునస్వామి ఛాతీ ఇంత వెడల్పు అయింది. పొట్లం కట్టడానికి ఉషారుగా లోపలికి పోయాడు.

పొట్లంతో బయటికి వచ్చిన మనిషి వేరు. మొహాన నెత్తురుచుక్క లేదు. పొట్లం ఇవ్వడానికి చెయ్యి ముందుకు రాలేదు. ఇనస్పెక్టరే లాక్కుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ఏమైందప్పా అని నేను సైగ చేస్తే, మునస్వామి నా చెవిలో గొణిగాడు. “తోముకునేదానికి ఇచ్చింది అంచు ఇరిగిన సిప్పలోదిరా. ఈ పొట్లమూ దాంట్లోదే కట్టేసి గడప దాటతా ఉంటే మతికొచ్చింది. ఆయప్ప లాగేసుకున్నాడే, ఇంగేం సేసేది?”

నిజం చెబితే లైసెన్సు పోతుంది, పేరు పోతుంది, తుపాకి పోలీసు ఠాణాకు పోతుంది. చెప్పకపోతే ఆ మందు ఇనస్పెక్టరు ఇంటికి, ఆయన పిల్లల చేతికి పోతుంది. నాకు మొదటిసారి మునస్వామి మీద జాలి కలిగింది.

ఇంతలో ఇనస్పెక్టరు చుట్ట తీసి, నిప్పు అడిగాడు. గంగులమ్మ పొయ్యిలోంచి నిప్పుకణిక పట్టుకారుతో తెచ్చింది. ఆయన చుట్ట నోట్లో పెట్టుకుని, మందున్న జేబుతోనే నిప్పు మీదికి వంగాడు.

మునస్వామి ఒక్క దూకు దూకి చుట్ట పెరికేశాడు.

“ముట్టీయద్దు సామీ. మీ జోబులో ఉండేది తుపాకి మందు. మీరు పండ్లు తోముకునిందీ అదే. బీగం లేదు, పెట్టె లేదు, అంతా అబద్దం. లైసెన్సు తీసేసుకోండి. మీ బిడ్డలకు మాత్రం ఆ పొట్లం ఇయ్యద్దండి.”

ఇనస్పెక్టరు కదల్లేదు. జేబు వంక చూసుకున్నాడు. ఏదో అడగబోయి, పండ్లు ఒకదానికొకటి తగులుతాయేమోనని నోరు తెరిచే ఉంచాడు. నేను వెళ్ళి మా ఎనుము వెనక నిలబడ్డాను. ఇలాంటివి దానికి అనుభవమే కదా.

గంగులమ్మ ఒక్కతే భయపడలేదు. ఇనస్పెక్టరు జేబులోంచి పొట్లం తీసుకుని, లోపలికి నడిచి, పొయ్యిలో విసిరేసింది. మునస్వామి చెవులు మూసుకుని కూలబడ్డాడు.

కాగితం కాలింది. కొంచెం పొగ వచ్చింది. అంతే.

“అది పండ్లపొడే సామీ. రెండు సిప్పల్లోనూ పండ్లపొడే ఉండాది” అంది గంగులమ్మ.

“మందేమైందే?” అన్నాడు మునస్వామి.

“పేడదిబ్బలో కలిపేసినాను. పాప ఆ ఇరిగిన సిప్పలోది తీసి పండ్లు తోముకుంటా పొయ్యికాడ కూసోని ఉండాది ఒగనాడు. నోరంతా నలుపు. నీకు సెప్తే పాపకే సెప్పుకో అంటావు. అందుకే నేనే పారబోసినా.”

“అయితే మంచె మీద నా తుపాకిలో?”

“అదీ పండ్లపొడే.”

యుద్ధంలో మందు దొరకదని, పొదుపు చేయాలని మునస్వామి ఈ పంటకాలమంతా ఒక్క గుండూ పేల్చలేదు. అతని దగ్గుకూ, డబ్బా చప్పుడుకూ పందులు పారిపోతుంటే తుపాకిని చూసి భయపడ్డాయనుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం. ఇనస్పెక్టరు నోరు మూసుకుని, మళ్ళీ తెరిచి, కడుపు పట్టుకుని నవ్వాడు. ఇంత భద్రమైన తుపాకి తాలూకాలో ఇంకోటి లేదని, రాసింది కొట్టేయనని, కానీ బీగం పెట్టె మాత్రం ఈరోజే కావాలని చెప్పి బండెక్కాడు.

బండి వెళ్ళాక గంగులమ్మ మొగుడి ఎదుట నిలబడింది.

“ఎవురి బిడ్డల కోసమో లైసెన్సు పోతే పోనీ అన్నావు. బాగుండాది. మన బిడ్డ కోసం నేను అన్నినాళ్ళు అడిగితే ఇనలేదే.”

మునస్వామి లోపలికి వెళ్ళి తన పంచెలు పెట్టుకునే కొయ్యపెట్టె ఖాళీ చేశాడు. గోడమీది తుపాకి దించి దాంట్లో పెట్టి, బీగం వేసి, తాళంచెవి తెచ్చి గంగులమ్మ చేతిలో పెట్టాడు.

“పాప యాడుండాది? ఈసారి నేనే సెప్పుకుంటా” అన్నాడు.