తెల్ల పశువుల కాపరి

మంచు ఆరీ ఆరకముందే స్మిల్యా తోటలో ఉండేది. రాస్ప్‌బెర్రీని లాగకూడదు. రెండు వేళ్ళ మధ్య పట్టి కాస్త కదిపితే, పండినదైతే అదే చేతిలోకి వచ్చేస్తుంది. రాకపోతే రేపటిదాకా ఆగాలి. పిల్లలిద్దరికీ నాలుగేళ్ళ వయసులోనే ఈ పని నేర్పింది. కూతురు దున్యా చేతిలో పండు ఎప్పుడూ చితకలేదు. కొడుకు వుకాషిన్ కోసినవి సగం వాడి నోట్లోకే పోయేవి.

జూన్ నెలాఖరు. తల్లీకూతుళ్ళ మధ్య తీగలకు కట్టిన మొక్కల గోడ. అవతలి వరస నుంచి దున్యా అంది:

"అమ్మా, ఆదివారం పొద్దున బస్సుకి వెళ్ళిపోతున్నాం."

"ఎవరెవరు?"

"తెలిసీ అడుగుతావేం. నేనూ, స్తోయానూ. ఆస్ట్రియాలో వాళ్ళ మామయ్య పని చూశాడు."

స్మిల్యా చేతిలో పండు చితికింది. వేళ్ళు ఆప్రాన్‌కి తుడుచుకుంది.

"ఆ పేరు ఈ తోటలో ఎత్తొద్దన్నాను."

"అందుకే వెళ్తున్నాం. అక్కడైతే ఎన్నిసార్లయినా ఎత్తుకోవచ్చు."

"వాడు నీ అన్న చెయ్యి వదిలేశాడు."

"వదల్లేదని ఏడేళ్ళుగా చెబుతున్నాడు. నువ్వు ఒక్కసారైనా కూర్చుని విన్నావా? పొద్దున లేస్తే నీ మొహం నిండా మబ్బు. దాని కింద బతకలేకపోతున్నానమ్మా."

స్మిల్యా తర్వాతి పండుకి చెయ్యి చాపింది. సాయంత్రం కోల్డ్ స్టోరేజీ లారీ వచ్చేలోపు ఇంకా పన్నెండు ట్రేలు నిండాలి.

ఏడేళ్ళ కిందటి వేసవిలో, రెండు రోజులు వాన పడ్డాక, వుకాషిన్, స్తోయాన్ మొరావిత్సా ఏటికి ఈతకి వెళ్ళారు. ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళు. తిరిగొచ్చింది స్తోయాన్ ఒక్కడే. "పట్టుకునే ఉన్నాను పిన్నీ. ఇద్దరం మునిగిపోతున్నాం. వాడే నా వేళ్ళు విప్పేశాడు," అన్నాడు. అబద్ధమని ఎవరూ అతని మొహం మీద అనలేదు. కానీ కాఫీ కొట్లో అతని పక్క కుర్చీ అప్పట్నించీ ఖాళీయే. ఆకాశం ఎంత తేటగా ఉన్నా ఆ కుర్రాడి మీద మాత్రం ఒక మబ్బు నిలబడిపోయింది. ఏటి ఒడ్డున తన అరెకరం తోటతో అతను ఒంటరిగా మిగిలాడు.

ఆ ఊళ్ళో ఆఖరున నీళ్ళలో పోయినవాడే వడగళ్ళ మబ్బుల్ని తోలుకొస్తాడు. తెల్ల పశువుల్లా కొండ దాటి దిగుతాయవి. పోయినవాడి ఇంటి మనిషి బయటికొచ్చి, పేరు పెట్టి పిలిచి, మళ్ళించమంటే మళ్ళిస్తాడు. కొండ మీద ప్రభుత్వం వాళ్ళ రాకెట్ల గుడిసె ఒకటుంది, మబ్బుల్ని పేల్చడానికి. అందులో పనిచేసే అతను కూడా ముందు ఫోన్ చేసి, "స్మిల్యా బయటికొచ్చిందా?" అని అడిగేవాడు. వచ్చిందంటే భోజనానికి కూర్చునేవాడు.

వుకాషిన్‌కి ముందు ఆ పశువుల్ని ఇరవై రెండేళ్ళు కాసింది పక్కింటి పెర్సా అవ్వ మొగుడు. పిలిచే మాటలు స్మిల్యాకి నేర్పింది ఆవిడే. ఆ రోజే ఒక జాగ్రత్త కూడా చెప్పింది.

"ఏం చెప్పినా చెప్పు, అడగడం మాత్రం వద్దు. అడిగితే జవాబివ్వడానికి ఆగుతాడు. వాడు ఆగితే పశువులు ఊరి మీద దిగుతాయి. పైగా వాళ్ళ దగ్గర ఉండేది ఒక్క జవాబే. అది ఇచ్చేశాక ఇక రాడు."

"నువ్వేం అడగాలనుకున్నావవ్వా?"

"ఆ పొద్దున నా మీద కోపంతోనే ఏటికి పోయావా అని. ప్రతిసారీ నాలుక చివరిదాకా వచ్చేది. ఊరి పంట గుర్తొచ్చి మింగేసేదాన్ని. ఇప్పుడు నీ కొడుకు పోయాడు, మా ఆయనకి సెలవు దొరికింది. ఇక ఎవర్ని అడగను?"

చీకటి పడేవేళ ఊళ్ళో తల్లులందరూ పిల్లల్ని ఇంటికి రమ్మని కేకేసేవాళ్ళు. స్మిల్యా ఒక్కతే, వేసవికి నాలుగైదుసార్లు, కొడుకుని రావద్దని కేకేసేది.

గురువారం మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. కోళ్ళు వాటంతటవే గూట్లోకి వెళ్ళాయి. కొండ వెనక ఆకాశం పాలిపోయిన ఆకుపచ్చకి తిరిగింది. స్మిల్యా వాకిట్లో పొట్టి బల్ల వేసి రొట్టె, ఉప్పు పెట్టింది. గొడ్డలిని పదును ఆకాశం వైపు ఉండేలా నేల మీద ఆనించింది. తర్వాత లోపలికెళ్ళి, పొద్దున చేసిన చీజ్ పొరల రొట్టె ముక్క తెచ్చి ఉప్పు పక్కన పెట్టింది.

పెర్సా అవ్వ కంచె మీంచి చూసింది. "రొట్టె, ఉప్పు అని కదా నేను చెప్పింది. ఇదెవరు పెట్టమన్నారు?"

"వాడికిష్టం."

"పొమ్మనడానికి పిలుస్తావు, పిలిచి విందు పెడతావు. వాడికి ఏం అర్థం కావాలి?"

అన్నదే గానీ తియ్యమనలేదు.

దున్యా గుమ్మంలో నిలబడింది. వెనక, గోడవారన, జిప్పు వేసిన సంచి.

మబ్బులు కొండ దాటాయి. వాటికి ముందు, ఎప్పటిలాగే, ఒక చిన్న నల్లటి మబ్బుతునక కర్ర పట్టుకుని నడుస్తోంది, ఎడమ భుజం కాస్త కిందికి దించి. బడికెళ్ళే రోజుల్లో పుస్తకాల సంచి ఎప్పుడూ ఆ భుజానికే తగిలించుకునేవాడు. వంకర అయిపోతావురా అని ఎన్నిసార్లు చెప్పిందో. ఇంటి పైకి రాగానే, ఎప్పటిలాగే, ఆ తునక ఒక్క ఊపిరిసేపు ఆగింది.

స్మిల్యా తలకి కట్టిన నల్ల రుమాలు సరిచేసుకుని తోట చివరికి నడిచింది.

"వుకాషిన్, నా కొడుకా, నీ తెల్ల పశువుల్ని మళ్ళించు. ఇక్కడ మేత లేదు. పొయ్యి వెలగని చోటికి, ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవని చోటికి..."

'తోలుకుపో' అనాలి. ఏడేళ్ళుగా అన్న మాటే. వెనక గుమ్మంలో దున్యా ఉందని, ఆదివారం ఉండదని ఆమెకి తెలుసు. ఒకరిని పొమ్మంటూనే ఇంకొకరిని పోగొట్టుకోవడం ఆమె వల్ల కాలేదు.

"వుకా," అంది. "ఆ రోజు చెయ్యి ఎవరు వదిలారు? స్తోయానేనా?"

కంచె అవతల పెర్సా అవ్వ శిలువ గీసుకుంది.

పైన ఆ చిన్న తునక కర్ర దించింది.

పన్నెండు నిమిషాలు కురిసింది. అక్రోటు కాయలంత వడగళ్ళు. స్మిల్యా తలకి చెయ్యి కూడా అడ్డం పెట్టుకోకుండా నిలబడింది. దున్యా ఖాళీ ట్రే ఒకటి పట్టుకుని పరిగెత్తుకొచ్చి, తల్లి తల మీద బోర్లించి, తను ఆమె వీపుకి కరుచుకుపోయింది. ట్రే మీద మోతకి ఒకరు ఏడవడం ఇంకొకరికి వినపడలేదు.

ఆగాక చూస్తే మొక్కలకి ఆకు లేదు. వరసల మధ్య తెల్లటి మంచుగడ్డల్లో ఎర్రటి గుజ్జు. లోయ పొడుగునా అంతే. జనం ఒక్కొక్కరే బయటికొచ్చి తమ తోటల్ని కాదు, ఏటి వైపు చూస్తున్నారు.

ఒడ్డున స్తోయాన్ అరెకరం పచ్చగా నిలబడి ఉంది. వడగళ్ళు అతని కంచెదాకా వచ్చి, గీత గీసినట్టు ఆగిపోయాయి. లోపల నేల తడవనైనా లేదు. మధ్యలో స్తోయాన్, పండ్ల బకెట్ చేత్తో పట్టుకుని, ఏం జరిగిందో తెలియక నిలుచున్నాడు.

"తన కొడుకు జవాబు తను విన్నది సరే. మా తోటలేం చేశాయి?" అన్నాడు గుంపులో ఒకడు.

"ఇరవై రెండేళ్ళు నీ తోట కాపాడింది నేను," అంది పెర్సా అవ్వ. "ఏడేళ్ళు ఇది. ఒక్క ఏడు పోతే పోయింది. నా మాట నేనూ మొదటి ఏడే అడిగి ఉండాల్సింది."

అడిగినవాడు తల దించుకుని తన తోట వైపు నడిచాడు.

స్మిల్యా మంచుగడ్డల మీద నడుచుకుంటూ ఏటిదాకా వెళ్ళింది. రెండుసార్లు జారింది. దున్యా పట్టుకోబోతే వద్దంది. కంచె దగ్గర స్తోయాన్ టోపీ తీసి నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ళకే చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఆ సంగతి ఆమె ఇప్పుడే చూసింది.

"పిన్నీ..."

"ఎలా విప్పాడు?" అంది. "చూపించు."

కంచె మీంచి చెయ్యి చాపి అతని చేతిని గట్టిగా పట్టుకుంది. స్తోయాన్ ఒకసారి దున్యా వైపు చూశాడు. తర్వాత రెండో చేత్తో ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టాడు.

"చిటికెన వేలు ముందు," అన్నాడు. "ఇది తర్వాత. ఇలా, నొప్పి పుట్టకుండా. ఆఖర్న బొటనవేలు."

ఆమె చెయ్యి ఖాళీగా గాలిలో ఉండిపోయింది.

"ఏమైనా అన్నాడా?"

"నీళ్ళ హోరు పిన్నీ. ఏం వినపడలేదు."

"మళ్ళీ చూపించు," అంది స్మిల్యా.

మళ్ళీ చూపించాడు.

ఆ ఏడు ఊళ్ళో మిగిలింది ఆ అరెకరం ఒక్కటే. పిలవకుండానే జనం వచ్చి వంతులేసుకుని కోశారు. ఆదివారం బస్సు ఇద్దరు తక్కువగా వెళ్ళింది. కాఫీ కొట్లో స్తోయాన్ పక్క కుర్చీలో రాకెట్ల గుడిసె అతను కూర్చుని, ఇక నుంచి తనకి భోజనం వేళకి తినే యోగం లేదని వాపోయాడు.

ఆగస్టులో ప్లమ్ పళ్ళు రంగు తిరిగే వేళకి మళ్ళీ మబ్బులు కొండ దాటాయి. కొండ మీంచి రాకెట్లు పేలాయి. స్మిల్యా అలవాటు కొద్దీ బల్ల వేసి, వేడి వేడి చీజ్ రొట్టె ముక్క పెట్టింది. తోట చివరికి నడిచి, తల పైకెత్తి వెతికింది. పశువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ, ఎటు పడితే అటు పోతున్నాయి. ముందు ఎవరూ లేరు.

ఇక రావద్దని చెప్పాల్సిన పని లేదు. ఏం కావాలంటే అది అనొచ్చు. ఆమె రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, వాడు ఏడేళ్ళ పిల్లాడై ఏటి ఒడ్డున ఆడుకుంటున్నప్పుడు కేకేసినట్టే కేకేసింది.

"వుకా, ఇంటికి రా నాన్నా. రొట్టె చల్లారిపోతోంది."

మబ్బులు ఇంటి పైన ఆగలేదు. ఆమె బల్ల దగ్గరికొచ్చి కూర్చుని, ఆ ముక్క చల్లారేదాకా చూసింది.