చక్రానికి సంకెల

మోకాలు నేలకు ఆనించి, ఇనుప కొక్కేన్ని టైరు వెనక్కి తోసి, తాళం టక్కుమని పడేదాకా నొక్కి పట్టేసరికి లింగమూర్తికి ఊపిరి అందలేదు. లేవలేదు. కారు తలుపు మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుని టైరు వంక చూస్తూ ఉండిపోయాడు. దూరం నుంచి చూసేవాళ్ళకు, పని సరిగ్గా అయిందో లేదో పరీక్షిస్తున్నాడనిపించాలి. ఛాతీలో జల్లెడతో ఇసుక ఆడించినట్టు సన్నటి చప్పుడు మొదలై, కాసేపటికి అణిగింది. అప్పుడు లేచి, ప్యాంటుకు అంటిన మట్టి దులుపుకుని, తలకు కాస్త పెద్దదైన టోపీని వెనక్కి నెట్టుకుని తరువాతి కారు దగ్గరికి నడిచాడు.

ఆ వస్తువును ఆఫీసువాళ్ళు క్లాంప్ అనేవారు. లింగమూర్తి సంకెల అనేవాడు. బాలానగర్‌లో ఏదో వెల్డింగు షాపులో చేయించారు వాటిని. రెండు వంపు కడ్డీలు టైరును లోపలి నుంచీ బయటి నుంచీ ఎండ్రకాయ డెక్కల్లా కరిచి పట్టుకుంటాయి. కంటికి కొట్టొచ్చినట్టు కనిపించాలని పసుపు రంగు పూశారు. ఒక్కొక్కటీ చంటిపిల్లాడంత బరువు. వాటిని చంకన ఎత్తుకుని మేడ చుట్టూ తిరగడమే అతని ఉద్యోగం.

సైబర్ టవర్స్ లేచాక ఆ చుట్టుపక్కల మొలిచిన అద్దాల మేడల్లో అదొకటి. రోడ్డు ఇంకా సగం మట్టే. కార్లకు కింద సెల్లారు ఉన్నా, వచ్చినవాళ్ళందరికీ గుమ్మం ఎదురుగానే ఆపాలని ఉంటుంది. ఒకసారి పెద్ద కంపెనీవాళ్ళెవరో మేడ చూడటానికి వచ్చి, దారి లేక అరగంట రోడ్డు మీదే కూర్చున్నారట. మర్నాటికల్లా సంకెలలు దిగాయి.

సంకెల వేసేముందు లింగమూర్తి కారు అద్దం మీద వేలితో రెండుసార్లు కొడతాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. మొదటి వారంలోనే ఓ కారుకు తాళం వేసి లేచి చూస్తే, వెనక సీట్లో ఓ పసిపిల్ల నిద్రపోతోంది. ఆ పిల్ల తల్లి వచ్చేదాకా ఎండలో కారు పక్కనే నిలబడి, తెరిచి ఉన్న కాస్త సందులోంచి టోపీతో విసిరాడు. అప్పటినుంచీ అద్దం కొట్టకుండా మోకాలు వంచలేదు.

తిట్లు మామూలే. తిట్లకంటే అతనికి వింతగా ఉండేవి జనం చేసే ప్రయత్నాలు. టైరులో గాలి తీస్తే సంకెల జారిపోతుందని ఒకడు గాలంతా తీసి, చివరికి సంకెలా ఊడక, కారూ కదలక, కాలిబాట మీద తల పట్టుకు కూర్చున్నాడు. టై కట్టుకున్న ఓ కుర్రాడు బాత్రూములోంచి సబ్బునీళ్ళు తెచ్చి పోశాడు. ఆ రోజు ఉదయం ఓ సుమో డ్రైవరు బండికింద వెల్లకిలా పడుకుని, రంపం బ్లేడుతో కడ్డీని కోయడం మొదలుపెట్టాడు. లింగమూర్తి కొంతసేపు చూసి, పక్కన చతికిలబడ్డాడు.

"ఎన్ని బ్లేళ్ళు తెచ్చినవు బిడ్డా?"

"ఒకటే" అన్నాడు డ్రైవరు బండికిందినుంచి.

"అయితె సాలది. పోయి సూపర్‌వైజర్ సారును అడుగు. నేను చెప్పిన్నంటె జర మెత్తగనే మాట్లాడతడు."

సంకెలలు వేసేది లింగమూర్తే అయినా, తాళంచెవి అతని దగ్గర ఉండేది కాదు. అది సూపర్‌వైజర్ సుబ్బరాయుడి బెల్టుకు వేలాడేది. జరిమానా కట్టిన చీటీ చూశాకే అతను చెవి ఇస్తాడు. ఇచ్చిన చెవిని పరుగున తీసుకొచ్చి తాళం తెరవడం ఒక్కటే ఆ ఉద్యోగంలో లింగమూర్తికి ఇష్టమైన పని. అంతవరకూ పళ్ళు నూరినవాడు కూడా ఆ క్షణంలో ఓ చిన్న నిట్టూర్పు విడుస్తాడు. అది వినడానికి అతను మరో నిమిషం అక్కడే తచ్చాడేవాడు.

మధ్యాహ్నం జనరేటర్ గది వెనక నీడలో భార్య కనకమ్మ టిఫిను విప్పింది. ఆమె అదే మేడలో అంతస్తులు తుడిచే పనిలో ఉంది. నీలం కోటు కొంగు మీదనే తొడుక్కుని, జొన్నరొట్టె తుంచి ఎల్లిపాయ కారం అద్ది అతని చేతిలో పెట్టింది. రెండు ముద్దలకే అతను నమలడం ఆపి ఊపిరి తీసుకోవడం చూసి, తనూ తినడం మానేసింది.

"ఎర్రగడ్డ ఛాతి దవాఖానకు పోదమంటె ఇనవైతివి."

"పోదం తియ్. బోనాలు ఎల్లనియ్."

"పోయిన బోనాలకు గిట్లనే అంటివి."

అతను నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. కనకమ్మ వీపు రాసింది. ఆ దగ్గు ఆమెకు కొత్తది కాదు. పెళ్ళయిన కొత్తలో పాలమూరు దిక్కునుంచి ఇద్దరూ మూటాముల్లె కట్టుకుని ఈ గుట్టలకే వచ్చారు. అప్పుడిక్కడ మేడల్లేవు, ఇంటంత రాతిగుండ్లు ఉండేవి. అతను సుత్తీ ఉలీతో, తరువాత్తరువాత డ్రిల్లింగు మిషనుతో వాటిని పగలగొట్టేవాడు. ఆమె కంకర తట్టలకెత్తేది. సాయంత్రానికి ఇద్దరి కనురెప్పలూ తెల్లబడేవి. ఒకరి మొహం చూసి ఒకరు నవ్వుకుని, డ్రమ్ములో నీళ్ళతో కడుక్కునేవారు. మొహం మీది దుమ్ము నీళ్ళతో పోయింది, లోపలికి పోయింది మాత్రం అక్కడే ఉండిపోయింది. గుండ్లు అయిపోయాక, మనిషి నిదానస్తుడని కాంట్రాక్టరు చెప్పగా ఈ ఉద్యోగం ఇచ్చారు. చొక్కా భుజానికి ఎర్రతాడు ఉంటుంది. మొదటిరోజు కనకమ్మ ఆ తాడును పట్టుకుని చూసి, "పోలీసోని లెక్కున్నవ్" అంది.

మూడో జాము దాటాక ఓ బూడిదరంగు మారుతి వచ్చి గుమ్మానికి ఓ పక్కగా ఆగింది. పాతది, కానీ శుభ్రంగా తుడిచి ఉంది. చీర కట్టుకున్న అమ్మాయి ఫైలు గుండెకు హత్తుకుని దిగింది. వెనకే ఓ పెద్దాయన దిగి, "భయపడకు ఉమా, నెమ్మదిగా చెప్పు" అని ఆమె లోపలికి వెళ్ళేదాకా చూస్తూ నిలబడ్డాడు. ఆయన సోమేశ్వరరావు. కరెంటు ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరై, కూకట్‌పల్లి హౌసింగు బోర్డు కాలనీలో ఉంటున్నాడు. కూతురు ఉమాశ్రీకి ఆ రోజు ఇంటర్వ్యూ.

చాలాసేపు ఆయన కారులోనే కూర్చున్నాడు. తరువాత అద్దాలు ఎక్కించి, తలుపు తాళం వేసి, లాగి చూసుకుని, రోడ్డుకు అవతల టీ బండి దగ్గరికి వెళ్ళాడు. ఆ కాసేపట్లోనే సుబ్బరాయుడు రౌండుకు వచ్చాడు.

"ఇది ఎవరిదయ్యా లింగమూర్తీ? ఎందుకు వెయ్యలేదు?"

"పెద్దమనిషి సారు. గిప్పుడే పోయిండు, వస్తడు."

"నీ జాలి నీ ఇంటి దగ్గర పెట్టుకో. వేస్తావా, ఇంకొకర్ని చూసుకోమంటావా?"

లింగమూర్తి అద్దం మీద రెండుసార్లు కొట్టాడు. లోపల ఎవరూ లేరని తెలుసు. అయినా కొట్టి, మోకాలు వంచాడు.

సోమేశ్వరరావు తిరిగివచ్చి, పసుపురంగు ఇనుమును చూసి ఆగిపోయాడు. తిట్టలేదు. "నాదే పొరపాటు. ఇక్కడ ఆపకూడదన్న బోర్డు చూసుకోలేదు" అన్నాడు. ఆ మాటకు లింగమూర్తి తల వంచుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆయన లోపలికి వెళ్ళి జరిమానా కట్టి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేసరికి తాళంచెవి లేదు. సుబ్బరాయుడు పటాన్‌చెరులో చుట్టాలింట్లో ఏదో కార్యం ఉందని స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. బెల్టుకున్న చెవీ అలాగే పోయింది. పేజరుకు కబురు పెట్టారు. జవాబు లేదు. రేపు పొద్దున రమ్మన్నాడు లోపలి మేనేజరు.

"రేపు పొద్దున్నా?" అన్నాడు సోమేశ్వరరావు. "ఇంట్లో మా ఆవిడ ఒక్కతే ఉందండీ. నిన్ననే కంటి ఆపరేషన్ అయింది. పక్కింటావిడ దీపాలవేళ దాకానే ఉంటానంది."

మేనేజరు చేతులు విప్పి చూపించి లోపలికి వెళ్ళిపోయాడు.

ఉమాశ్రీ బయటికి వచ్చేసరికి ఆకాశం మబ్బేసింది. "బస్సులో వెళ్దాం నాన్నా" అంది. రోడ్డు మీద బస్సు లేదు, ఆటో లేదు. సోమేశ్వరరావు ఆ అమ్మాయి ఇంటర్వ్యూ ఎలా అయిందని కూడా అడగలేదు. చొక్కా చేతులు పైకి మడిచి, డిక్కీలోంచి ఓ తీగముక్క తీసి తాళంలో పెట్టి తిప్పాడు. ఇంజను నూనె రెండు చుక్కలు వేసి తిప్పాడు. తీగ విరిగింది. చుట్టూ చూసి, మట్టిలోంచి ఓ రాయి పెకలించి తాళం మీద కొట్టాడు. రెండో దెబ్బకు రాయి జారి వేళ్ళు చీరుకున్నాయి.

ఆపవలసినవాడు లింగమూర్తి. అందుకే జీతం ఇస్తున్నారు. అతను వచ్చి, ఆయన చేతిలోంచి మెల్లగా రాయి తీసుకుని పక్కన పెట్టాడు.

"స్టెప్నీల గాలున్నదా సారు?"

"ఉంది. ఎందుకు?"

"నేను సంకెల చక్రానికేసిన. కారుకెయ్యలె."

సోమేశ్వరరావుకు అర్థమయ్యేందుకు కొంతసేపు పట్టింది. సంకెల టైరును కరుచుకుని ఉంది గానీ, నడిమధ్య నట్లు నాలుగూ బయటికే కనిపిస్తున్నాయి.

"మరి నీ ఉద్యోగమో?"

"రేపటిది రేపు సూద్దం. ముందుగాల అమ్మ కాడికి పోండ్రి."

పానా పెట్టి, దాని మీద కాలు మోపి, మొదటి నట్టును లింగమూర్తే కదిలించాడు. రెండోదానికి మొహం నల్లబడింది. సోమేశ్వరరావు అతని రెక్క పట్టుకుని వెనకే, చేతికందే దూరంలో ఉన్న ప్రహరీ గోడ దగ్గర కూర్చోబెట్టాడు.

"ఇక నేను చేస్తానులే. నువ్వీ నట్లు పట్టుకో, మట్టిలో పోతాయి."

జాకీ ఎక్కింది. చక్రం సంకెలతో సహా ఊడి వచ్చింది. తండ్రీకూతుళ్ళు దాన్ని పక్కకు లాగి పడేశారు. ఉమాశ్రీ నవ్వింది. సోమేశ్వరరావుకు కూడా నోరు విచ్చుకుంది. కొత్త చక్రం ఎక్కిస్తూ, వెనక్కి తిరగకుండానే మాటల్లో పడ్డాడు.

"మీదే ఊరయ్యా?"

"పాలమూరు దిక్కు సారు."

"ఇక్కడికొచ్చి చాన్నాళ్ళయిందా?"

"గీ బిల్డింగు లేనప్పుడే. మీరు కూసున్న కాడనే గుండు ఉండె. ఏనుగంత. పగలగొట్టనీకి ఎండకాలమంత పట్టింది."

"ఒక్కడివేనా?"

"నా ఆడామె కూడ."

సోమేశ్వరరావు వెనక్కి చెయ్యి చాచాడు. చేతిలో నట్టు పడింది. బిగించాడు. మళ్ళీ చాచాడు. మళ్ళీ పడింది. తన మొదటి పోస్టింగు గురించీ, సామర్లకోట స్టేషన్లో ట్రంకుపెట్టె పోవడం గురించీ, అది వెతకడానికి అప్పటికింకా తనతో పెళ్ళికాని బాలాత్రిపురసుందరి వాళ్ళ నాన్నను పంపించడం గురించీ చెప్పాడు. భార్య పేరును బయటివాళ్ళ ముందు అలా పలకడం ఆయనకు అలవాటు లేదు. మూడో నట్టు కూడా బిగిసింది. చెయ్యి చాచి, అప్పుడేం జరిగిందంటే అంటూ ఇంకా చెబుతూనే ఉన్నాడు. చెయ్యి అలాగే ఉంది.

"ఇవ్వవయ్యా" అని తిరిగి చూశాడు.

లింగమూర్తి గోడకు తల ఆనించి, కొత్త చక్రం వైపే చూస్తున్నట్టు కూర్చున్నాడు. టోపీ ఒడిలో పడి ఉంది. పెదవులు కాస్త విచ్చుకుని ఉన్నాయి. ఛాతీలో ఆ చప్పుడు లేదు. ఉమాశ్రీ వంగి భుజం ముట్టుకుని, చెయ్యి వెనక్కి లాక్కుంది.

పని దిగిన ఆడవాళ్ళు అప్పుడే బయటికి వస్తున్నారు. ఎవరూ పిలవకముందే కనకమ్మ చూసింది. పరిగెత్తలేదు. వచ్చి పక్కన కూర్చుని, కొంగుతో అతని నోరు తుడిచింది. ఛాతీ మీద చెవి పెట్టి చాలాసేపు విన్నది. మిగతా ఆడవాళ్ళు గొల్లుమన్నారు. ఆమె మాత్రం, "ఇంత సప్పుడు లేకుంట ఎన్నడు పండలేవయ్యా" అంది అతనితో.

తరువాత అతని పిడికిలి చూసింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, లోపలున్నది తీసి, చక్రం ముందే కూర్చుని ఉన్న సోమేశ్వరరావుకు చాచింది.

"ఇది మీదే గద సారు."

ఆయన ఆ ఆఖరి నట్టు అందుకున్నాడు. బిగించడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. జాకీ దింపాక, నలుగురూ పట్టి లింగమూర్తిని వెనక సీట్లో పడుకోబెట్టారు. కనకమ్మ అతని తల ఒళ్ళోకి తీసుకుంది. టోపీ తెచ్చి ఉమాశ్రీ ఆమె పక్కన పెట్టి, "అమ్మ దగ్గరికి తరువాత వెళ్దాం నాన్నా" అంది. దవాఖానకు ఇప్పుడెందుకని ఎవరూ అనలేదు. సోమేశ్వరరావు స్టీరింగు ముందు కూర్చుని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"జర నిమ్మళంగ తోలుండ్రి సారు" అంది కనకమ్మ. "కుదుపులకు ఆయనకు దగ్గొస్తది."

కారు మట్టిరోడ్డు గుంతలను తప్పించుకుంటూ, మనిషి నడిచేంత వేగంతో ఎర్రగడ్డ వైపు కదిలింది. ఆడవాళ్ళు దాని వెనకే కొంతదూరం నడిచి, మలుపు దగ్గర ఆగిపోయారు. చినుకులు మొదలయ్యాయి. అద్దాల మేడ గుమ్మం ముందు ఇప్పుడు ఒక్క కారూ లేదు. కారు నిలబడిన చోట, పసుపురంగు ఇనుము గట్టిగా కరుచుకుని ఉన్న చక్రం ఒకటి తడుస్తూ పడి ఉంది.