కండక్టర్ లేని బండి

మా ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు. తనను నడవమంటే మాత్రం మొండికేసేవాడు. రిటైరై వచ్చిన రోజున కిటికీ పక్క కుర్చీ ఎక్కాడు, రెండేళ్ళయినా దిగలేదు. పాదాలు వాచాయి. "ఇలాగే కూర్చుంటే ఏడాదిలో మీ అంతట మీరు లేవలేరు" అని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. ఆయన వినపడనట్టు ఫ్యాను వంక చూశాడు.

బతిమాలాను, తిట్టాను, అలిగాను. ఒకరోజు ఒళ్ళు మండి, కుర్చీ వీపు మీద రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్!" అని అరిచాను. ఆయన చటుక్కున లేచి గేటు దాకా వెళ్ళిపోయాడు! కండక్టరు ఆ మాట అననిదే బండి అంగుళం కదపని మనిషి. అనేవాళ్ళు లేక ఇన్నాళ్ళూ ఆగిపోయాడు మహానుభావుడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

ఆ రోజు నుంచి నాకు ఉద్యోగం దొరికింది. వరండాలో స్టూలేసుకుని "రైట్" అంటే కదిలేవాడు, "హోల్డాన్" అంటే ఆగేవాడు. పక్కింటావిడ గోడ మీంచి చూసి "స్టూడెంట్ పాసు చెల్లుతుందా?" అని అడిగేది.

ఇంతలో వేరే ఊళ్ళో ఉన్న మా అమ్మాయికి నెలలు నిండాయి. ఐదు వారాలు నేను దాని దగ్గర ఉండాలి. మరి ఈయన్ని కదిపేదెవరు? ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, క్లినిక్‌లో నర్సు దగ్గర మొర పెట్టుకున్నాను.

"మీరు చెప్పడం కాదమ్మా, ఆయన చెప్పుకోవాలి" అంది నర్సు. "ఎప్పుడు, ఎక్కడిదాకా, ఎంతసేపు, ముందే రాసుకోండి తాతగారూ. అడ్డమొస్తే ఏం చేస్తారో అదీ రాయండి. సాయంత్రం ఎంత నడిచారో మీరే చూసుకోండి. వారానికి కాస్త పెంచండి."

"అంటే ట్రిప్ షీటు!" అన్నాడు ఆయన. కళ్ళు వెలిగాయి. ఇంటికొచ్చి స్కేలు పెట్టి గీతలు గీశాడు. బయలుదేరిన టైము, చేరిన టైము, ఆలస్యానికి కారణం. అడ్డంకుల కింద "వాన: హాల్లో యాభై చుట్లు. కుక్క: వెనక వీధి. బద్ధకం: చెప్పులేసుకున్నాక ఆలోచించాలి" అని రాశాడు.

అమ్మాయి ఇంటి నుంచి రోజూ ఫోన్ చేసేదాన్ని.

"పొద్దుటి ట్రిప్పు?"

"అవుతోంది."

"టీవీ మోగుతోందేం?"

"వాన కదా! హాల్లో చుట్లు కొడుతూ చూస్తున్నా!"

కోతలు కోస్తున్నాడనుకున్నాను. మనవరాలు పుట్టిన సంతోషంలోనూ, ఆ కుర్చీలో పాదాలు ఇంకెంత వాచాయో అన్న భయం నన్ను వదల్లేదు.

తిరిగొచ్చిన రోజు పొద్దున తొమ్మిదికి బస్టాండులో దిగాను. ఎదురొస్తానన్న మనిషి లేడు. తొమ్మిదీ పది. తొమ్మిదీ ఇరవై. ముప్పై ఒక్క ఏళ్ళలో నిమిషం ఆలస్యం చెయ్యని మనిషి! కుర్చీలోంచి లేవలేకపోయాడేమో అనుకునేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు కనిపించాడు, చొక్కా చెమటతో తడిసి, గేట్లోంచి నడిచొస్తూ. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు! అంతమందిలో ఏడుస్తూ, నవ్వుతూ, తిట్టాను.

"రైట్ ఎవరు చెప్పారు?"

"నేనే, గట్టిగా. పాలవాడు జడుసుకున్నాడు."

ఆటోని పిలవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఎందుకే? నడుద్దాం." చక్రాల పెట్టె లాక్కుంటూ ముందుకెళ్ళాడు. రెండు సందులు దాటేసరికి నాకు ఆయాసం ముంచుకొచ్చింది. అన్నాళ్ళూ స్టూలు మీద కూర్చుని కేకలు వేశానే గానీ, నేను నడిచిందెక్కడ? మూసిన కొట్టు మెట్ల మీద కూలబడ్డాను.

ఆయన ఎగతాళి చెయ్యలేదు. పక్కన నిలబడి, నా ఊపిరి కుదుటపడేదాకా ఆగాడు.

"రేపు నీకు వీధి చివరిదాకా చాలు" అని చెయ్యి చాచాడు.

ఆ చెయ్యి పట్టుకుని లేచాను.